మోకాలు వాచిన ఆటగాడు మళ్ళీ ఎప్పుడు ఆడాలి?



సోమవారం ఉదయం మా ఓపీకి కుంటుకుంటూ వచ్చే యువకులు ఉంటారు. పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం వైపు కంపెనీల్లో వారమంతా మిషన్ దగ్గర నిలబడి పనిచేసి, ఆదివారం ఒక్కపూట వాలీబాలో, క్రికెట్టో, కబడ్డీయో ఆడినవారు. ఏమైంది బాబూ అని అడిగితే "ఏం లేదు సిస్టర్, కాలు కొంచెం బెణికింది" అంటారు. ఎన్నాళ్ళయిందంటే మూడు వారాలు అంటారు! ఈ మూడు వారాలూ మందుల షాపులో నొప్పి గోలీలు కొనుక్కుని, మళ్ళీ ఆదివారం ఆడి, మళ్ళీ వాపు తెచ్చుకున్నవారే వీరు. అందుకే ఈ సంచికలో మోకాలి గురించి వ్రాస్తున్నాము.

తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచేవి తాళ్ళ వంటి లిగమెంట్లు. రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే గుజ్జు దిండ్లను మెనిస్కస్ అంటారు. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో ఒక్కసారిగా మళ్ళేటప్పుడు పాదం నేలకు అతుక్కుపోయి ఒళ్ళు మాత్రం తిరిగితే మోకాలు మెలిపడుతుంది. కబడ్డీలో పట్టు పడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. లోపల "టప్"మని శబ్దం వినిపించి, కొద్ది గంటల్లోనే మోకాలు బుడగలా వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. ముందు లిగమెంట్ తెగినప్పుడు తరచుగా ఇలాగే అవుతుంది. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచడానికి రాకపోతే గుజ్జు చిరిగి ఉండవచ్చు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. రెండు మూడు వారాల్లో వాపు తీసి, నొప్పి తగ్గి, మామూలుగా నడవగలుగుతారు. ఎక్స్‌రే కూడా బాగుందంటారు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని లిగమెంట్ కనబడదు. డాక్టరుగారు చేత్తో కాలు కదిపి పరీక్షించాలి, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించాలి. నొప్పి పోయినా లిగమెంట్ అతకలేదు కనుక, మళ్ళీ ఆటకు దిగినప్పుడు మోకాలు జారుతుంది. అలా జారిన ప్రతిసారీ బాగున్న గుజ్జు కూడా నలిగిపోయే ప్రమాదం ఉంది. ఇరవై రెండేళ్ళవాడికి నలభై ఏళ్ళకే మోకాలి అరుగుదల రావడానికి దారి ఇదే.

లిగమెంట్ తెగితే జీవితం అయిపోయినట్టేనని భయపడే తల్లిదండ్రులకు పుల్లెల గోపీచంద్ గారి సంగతి చెబుతుంటాము. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్స చేయించుకుని, ఓపికగా కాలిని బలపరచుకుని, 1996 నుండి వరుసగా అయిదేళ్ళు జాతీయ చాంపియన్ అయ్యారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మన ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చేరుకునే గచ్చిబౌలిలోనే ఆయన అకాడమీ ఉంది. సైనా నెహ్వాల్ గారికి కూడా 2016లో రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి ఆపరేషన్ జరిగింది. 2017 జనవరిలో మలేసియాలో టైటిల్ గెలిచారు. వీరెవరూ గోలీ వేసుకుని మరుసటి ఆదివారం ఆడి బాగుపడలేదు.

దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపండి, "చివరి సెట్ అయ్యాక చూద్దాం" అనవద్దు. ఐసుముక్కలు తడిగుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలకోసారి మళ్ళీ పెట్టవచ్చు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకూడదు. క్రేప్ బ్యాండేజీ కట్టి, దిండు మీద కాలు ఎత్తి ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, మాలిష్ వద్దు. పెద్దమ్మలు ప్రేమతోనే రుద్దుతారు, కాని లోపల రక్తం కారుతుండగా రుద్దితే వాపు పెరుగుతుంది. గట్టిగా బిగించే పసరు కట్టు కూడా వద్దు. నాలుగు అడుగులు వేయలేకపోయినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. దెబ్బ ఏమీ లేకుండా మోకాలు ఎర్రగా కాలిపోతూ జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒక్క రాత్రి కూడా ఆగవద్దు.

డైక్లోఫెనాక్ వంటి గోలీలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పరగడుపున, నీళ్ళు సరిగా త్రాగకుండా, ఎండలో ఆడుతూ వారాల తరబడి వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

మెలిపడకుండానే మెల్లగా వచ్చే నొప్పులు వేరు. వాలీబాల్ ఆడేవారికి చిప్ప క్రింద నొప్పి, పది పదిహేనేళ్ళ పిల్లలకు చిప్ప క్రింది ఎముక ఉబ్బి నొప్పి వస్తుంటాయి. ఇవి చాలావరకు ఆట తగ్గించి, తొడ కండరాలకు వ్యాయామం చేస్తే నెమ్మదిస్తాయి. పడుకుని ఒక కాలు నిటారుగా ఎత్తి అయిదు లెక్కపెట్టి దించడం మంచి ఆరంభం.

సంఘ యౌవనస్థులు క్రిస్మస్, సంక్రాంతి టోర్నమెంట్లకు జెర్సీలు కుట్టించుకుంటారు గాని వార్మప్ చేయరు. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా నేరుగా కోర్టులో దిగేవారూ ఉన్నారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఫిఫా వారు తయారుచేసిన ఇరవై నిమిషాల వార్మప్ ఉంది. మెల్లని పరుగు, తొడల బలం, ఒంటికాలిపై నిలకడ, మోకాళ్ళు లోపలికి వాలకుండా దిగడం అందులో ఉంటాయి. వారానికి కనీసం రెండుసార్లు చేసిన జట్లలో దెబ్బలు తగ్గాయని పరిశోధనల్లో తేలింది. ఆడపిల్లలకు లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లలకంటే ఎక్కువ కనుక వారికి ఇది మరీ అవసరం.

ఇక మళ్ళీ ఎప్పుడు ఆడాలి? వాపు పూర్తిగా పోయి, మోకాలు పూర్తిగా ముడిచి చాచగలిగి, దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో గెంతినప్పుడు రెండో కాలితో సమానంగా ఉండాలి. లిగమెంట్ ఆపరేషన్ అయితే కనీసం తొమ్మిది నెలలు ఆగాలి.

అన్ని నెలలు ఆగితే జీతం ఎవరిస్తారు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఆదివారం ఆటలో తగిలింది డ్యూటీలో దెబ్బగా లెక్కకు రాదు. అయినా ఈఎస్‌ఐ ఉన్న కార్మికులకు నిబంధనల ప్రకారం జబ్బు సెలవు భృతిగా ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. కాంట్రాక్టు మీద ఉన్నా మీ జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే కార్డు నంబరు తీసుకుని రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్ళండి. నిలబడి చేసే పనికి ఎప్పటినుండి వెళ్ళవచ్చో, అంతవరకు కూర్చుని చేసే పని ఇవ్వవచ్చో డాక్టరుగారిని వ్రాసి ఇమ్మని అడిగి, ఆ కాగితం సూపర్‌వైజరుకు చూపించండి.