సిస్టమ్ లాగ్‌లో 42: ల్యాప్‌టాప్ ఎందుకు పడుకుందో అదే చెబుతుంది

మా అక్క కూతురు బీటెక్ మూడో ఏడు చదువుతోంది. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తుంటే ల్యాప్‌టాప్ తెర ఉన్నట్టుండి ఆరిపోతోందని ఫోన్ చేసింది. "మామయ్యా, సెట్టింగ్స్‌లో అన్నీ 'నెవర్' పెట్టేశాను. అయినా పడుకుంటోంది." ఆరిపోయేటప్పుడు బ్యాటరీ ఎంతుందని అడిగితే 31 శాతం అంది. మళ్లీ పవర్ బటన్ నొక్కితే ఏమవుతోందని అడిగాను. కాసేపటికి వర్డ్ ఫైలు, రాస్తున్న పేరా దగ్గరే తెరుచుకుంటోందట.

నాకు కావలసిన ఆధారం ఆ చివరి మాటలోనే దొరికింది. రాసింది రాసినట్టు తిరిగొచ్చిందంటే కంప్యూటర్ షట్‌డౌన్ కాలేదు; వెంటనే కాక కాసేపటికి వచ్చిందంటే హైబర్నేషన్‌లోకి వెళ్లిందన్నమాట.

స్లీప్‌లో ర్యామ్‌కు కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది. హైబర్నేషన్‌లో అదీ ఉండదు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద ఒక ఫైలులోకి దిగిపోతుంది, యంత్రం పూర్తిగా ఆగుతుంది. 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రమాణం మొదటిదాన్ని ఎస్3 అనీ, రెండోదాన్ని ఎస్4 అనీ పిలుస్తుంది. విండోస్‌లో ఆ ఫైలు పేరు హైబర్‌ఫిల్ డాట్ సిస్. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం మేర చోటు దానికి కేటాయిస్తారు. 8 జీబీ ర్యామ్ ఉంటే 3.2 జీబీ, 16 ఉంటే 6.4 జీబీ. దీనివల్ల ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందని చాలామంది భయపడతారు. లెక్క వేసి చూద్దాం. రోజూ ఒకసారి 6.4 జీబీ పూర్తిగా రాసినా ఏడాదికి దాదాపు 2.3 టీబీ. 500 జీబీ శామ్‌సంగ్ 870 ఈవోకు కంపెనీ ఇచ్చే హామీ 300 టీబీ రాత. ఆ లెక్కన వందేళ్లు దాటుతుంది. ఈ భయంతో హైబర్నేషన్ తీసేయాల్సిన పని లేదు.

అసలు సంగతికి వద్దాం. పడుకున్నప్పుడు విండోస్ సాధారణంగా కారణం రాసిపెడుతుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ ఉంటుంది. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీ గడిలో 42 అని కొట్టండి. కెర్నల్-పవర్ పేరుతో ఒక జాబితా వస్తుంది. ఒక్కో వరుస మీద నొక్కితే కింద స్లీప్ రీజన్ అనే మాట కనిపిస్తుంది. మీ తెర ఆరిపోయిన సమయానికి సరిపోయే వరుస ఏదో చూడండి. చాలామంది ఈ పని చేయకుండానే పవర్ సెట్టింగులు ఒక్కొక్కటీ మారుస్తూ పోతారు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందులు మార్చడం లాంటిదే అది.

కారణం సిస్టమ్ ఐడిల్ అని ఉంటే అది టైమరు పని. పవర్ సెట్టింగుల్లో బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒక గడి, చార్జర్ పెట్టినప్పుడు ఇంకో గడి ఉంటాయి. ఒకటి మార్చి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. చార్జర్ పిన్ లూజుగా ఉంటే యంత్రం మీకు తెలియకుండానే బ్యాటరీ గడిలోకి జారుకుంటుంది. కాబట్టి పిన్‌ను ఒకసారి కదిపి చూడండి. హైబర్నేట్ ఫ్రమ్ స్లీప్ అని ఉంటే, ముందు స్లీప్‌లోకి వెళ్లి, కొంతసేపటికి హైబర్నేషన్‌లోకి మారిందని అర్థం. 'హైబర్నేట్ ఆఫ్టర్' గడిలో 180 నిమిషాలు కనిపించడం మామూలే. అక్కడ 0 పెడితే ఎప్పటికీ మారదు.

బటన్ ఆర్ లిడ్ అని ఉండి, మీరు మూత ముట్టుకోలేదంటే? తెర చట్రంలో చిన్న అయస్కాంతం, కీబోర్డు పక్కన దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. మూత మూశారని ల్యాప్‌టాప్‌కు తెలిసేది వాటివల్లే. మా ఆఫీసులో ఒకావిడకు ఈ కారణమే పదేపదే వచ్చేది. ఆమె చేతికి అయస్కాంతంతో అతుక్కునే స్టీలు వాచీ పట్టీ. మణికట్టు కీబోర్డు ఎడమ అంచు మీద ఆనినప్పుడల్లా తెర ఆరిపోయేది. వాచీ తీసి డ్రాయర్‌లో పెట్టాక ఆ రోజంతా ఒక్కసారీ ఆగలేదు. ఫోన్ కవరులోని అయస్కాంతం కూడా ఇదే పని చేస్తుంది. ఒక ల్యాప్‌టాప్ మీద ఇంకోటి పెట్టి వాడినా ఇలాగే జరగొచ్చు.

'నెవర్' పెట్టినా సరిగ్గా 2 నిమిషాలకే పడుకునే కంప్యూటర్లూ ఉంటాయి. మనిషి కాకుండా షెడ్యూలు పెట్టిన బ్యాకప్పో, నెట్‌వర్క్ నుంచి వచ్చిన పిలుపో లేపితే విండోస్ వేరే టైమరు వాడుతుంది. దాని పేరు సిస్టమ్ అన్అటెండెడ్ స్లీప్ టైమౌట్, మామూలు విలువ 120 సెకన్లు. సెట్టింగ్స్‌లో అది కనిపించదు. అమెరికా నుంచి ఇంట్లో కంప్యూటర్‌ను లేపి వాడుకునేవాళ్లకు తరచూ తగిలే చిక్కు ఇది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుతో, అన్అటెండ్‌స్లీప్ అనే పేరు మీద దీన్ని మార్చుకోవచ్చు. విలువ సెకన్లలో ఇవ్వాలి. అరగంట కావాలంటే 1800.

ఇక మా మేనకోడలి లాగ్‌లో ఉన్న మాట బ్యాటరీ. 31 శాతం ఉండగా బ్యాటరీ కారణమేమిటని ఆమెకు నమ్మకం కలగలేదు. విండోస్‌లో మూడు గీతలుంటాయి: 10 శాతం దగ్గర హెచ్చరిక, 7 దగ్గర రెండో హెచ్చరిక, 5 దగ్గర క్రిటికల్. ఆ 5 శాతానికి చేరగానే పని పోకుండా హైబర్నేట్ కావాలన్నది మామూలు ఏర్పాటు. మరి 31 ఎక్కడ, 5 ఎక్కడ? కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టమన్నాను. ఒక వెబ్‌పేజీ తయారైంది. అందులో డిజైన్ కెపాసిటీ 41,040 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ చార్జ్ కెపాసిటీ 16,900. అంటే కొత్తప్పుడు పట్టినదానిలో 41 శాతమే ఇప్పుడు పడుతోంది. ఇంతగా అరిగిన బ్యాటరీ మీద ఒక్కసారిగా బరువు పడితే వోల్టేజీ జారుతుంది. అప్పటిదాకా 31 అని చెబుతున్న లెక్క ఒక్క ఉదుటున 5 కిందికి పడిపోతుంది. హెచ్చరిక చూపించే వ్యవధి కూడా ఉండదు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. విసుగొచ్చి క్రిటికల్ బ్యాటరీ యాక్షన్‌ను 'డూ నథింగ్'కు మారుస్తారు, లేదా హైబర్నేషన్‌నే తీసేస్తారు. అప్పుడు బ్యాటరీ అయిపోయిన క్షణంలో కరెంటు తెగినట్టే తెగుతుంది, సేవ్ చేయనిదంతా పోతుంది. ఆ అమ్మాయి రిపోర్టును ఇన్నాళ్లూ కాపాడింది ఆ హైబర్నేషనే. దాన్ని ముట్టుకోవద్దన్నాను. కొత్త బ్యాటరీ వచ్చేదాకా చార్జర్ పెట్టే వాడమని, లో బ్యాటరీ హెచ్చరికను 10 నుంచి 40 శాతానికి పెంచమని చెప్పాను. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడమన్నాను. టచ్‌ప్యాడ్ ఉబ్బినా, అడుగు ఊగినా బ్యాటరీ ఉబ్బినట్టే. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టకూడదు, ఆ రోజే సర్వీసుకు ఇచ్చేయాలి.

లాగ్‌లో 42 లేకుండా 41 మాత్రమే కనిపిస్తే అది హైబర్నేషన్ కాదు. సవ్యంగా ఆగకుండానే మళ్లీ మొదలైందని ఆ అంకె చెబుతుంది. అప్పుడు పవర్ సెట్టింగులతో పని లేదు, చార్జరు, వేడి, ర్యామ్ వరుసగా చూపించాలి.

మా మేనకోడలి ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేసి మూడు వారాలైంది. నిన్న లాగ్ తెరిచి నాకు ఫొటో పంపింది. ఆ మూడు వారాల్లోని 42లన్నిటికీ ఒకటే కారణం: బటన్ ఆర్ లిడ్.