కిండర్‌గార్టెన్‌కి ముందు ఇంట్లో బడి

పిల్లవాడికి అయిదో ఏడు వస్తోందంటే మన ఇళ్ళలో అక్షరాభ్యాసం అయిపోయి, పలకమీద నాలుగక్షరాలు దిద్దుతూ ఉంటాడు. అదే అమెరికాలో ఉన్న మన అమ్మాయి ఇంట్లో అయితే ఆ ఏడాదంతా హైరానాయే. "వచ్చే సెప్టెంబరుకి కిండర్‌గార్టెన్‌లో వెయ్యాలి, వీడికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, ఏం చెయ్యనమ్మా?" అని ఫోనులో మొరపెట్టుకుంటుంది. మర్నాటినుంచి ఆ ఇంట్లో తెలుగు బందు. ఈ హైరానాలో అవసరమైనది ఎంత, అనవసరమైనది ఎంత అన్నది ఇవాళ కాస్త విచారిద్దాం.

కిండర్‌గార్టెన్ అంటే జర్మన్ భాషలో పిల్లల తోట. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో చిన్నపిల్లలకు ఆటపాటలతో నేర్పే బడి ఒకటి జర్మనీలో పెట్టి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. అమెరికాలో దీన్ని మొదలుపెట్టినది ఎవరో తెలుసా? జర్మనీనుంచి వలస వెళ్ళిన ఒక తల్లి. ఆమె పేరు మార్గరెటె షుర్జ్. 1856లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో తన కూతురితోబాటు చుట్టాల పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేర్పింది. అదీ తమ జర్మన్ భాషలోనే. ఎలిజబెత్ పీబాడీ బోస్టన్‌లో ఇంగ్లీషు కిండర్‌గార్టెన్ తెరిచినది ఆ తరవాత, 1860లో. సొంతభాష మాట్లాడే పిల్లలకు ఈ బడి కొత్తేమీ కాదన్నమాట.

ముందుగా కాగితాల సంగతి. చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 నాటికి పిల్లవాడికి అయిదేళ్ళు నిండాలి. ఈ గడువు అన్నిచోట్లా ఒకటి కాదు కాబట్టి తమ ఊరి బడిలో అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ బడిలో జీతం కట్టక్కరలేదు. పుట్టినతేదీకి రుజువు, చిరునామాకి రుజువు, టీకాల పట్టిక అడుగుతారు. మనదేశంలో పుట్టి వెళ్ళిన పిల్లలకు ఈ టీకాల దగ్గరే చిక్కు వస్తుంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో తట్టుకీ, రుబెల్లాకీ టీకా వేస్తారు గాని గవదబిళ్ళలకీ, ఆటలమ్మకీ వెయ్యరు. అక్కడి బడులు సాధారణంగా ఆ రెండూ కూడా అడుగుతాయి. రెండేసి మోతాదులు, మధ్యలో వ్యవధి ఉండాలి కాబట్టి ఆఖరి నెలదాకా ఆగకూడదు.

ఇక అసలు తయారీ. తరగతిలో టీచరు ఒకరు, పిల్లలు ఇరవైమంది దాకా ఉంటారు. ఒక్కొక్కరికీ బొత్తాలు పెట్టడానికీ, ముద్దలు పెట్టడానికీ ఎవరికి తీరుతుంది? మన పిల్లల్లో చాలామంది అయిదేళ్ళు వచ్చినా అమ్మ కలిపి పెడితేగాని తినరు, అదీ టీవీ చూస్తూ. బడిలో భోజనానికి దొరికేది ఇరవై నిమిషాలో, అరగంటో. తినడం చాతకాని పిల్లవాడు డబ్బా ఎలా తీసుకువెళ్ళాడో అలాగే తెచ్చి, సాయంత్రం ఆకలికి ఏడుస్తాడు. కాబట్టి రెండు మూడు నెలలముందునుంచి ఇంట్లోనే డబ్బాలో ఇడ్లీయో, పులిహోరో, దద్దోజనమో పెట్టి, మూత తనే తీసుకుని, గడియారం చూసుకుంటూ తినే అలవాటు చెయ్యాలి. కొన్ని బడుల్లో వేరుశనగ పడని పిల్లల కోసం ఆ గింజలు తేవద్దంటారు. పులిహోరలో వెయ్యబోయేముందు ఆ సంగతి కనుక్కోవాలి.

అలాగే దొడ్డికి వెళ్ళి తనే శుభ్రం చేసుకోవడం, చేతులు కడుక్కోవడం, కోటు జిప్పు పెట్టుకోవడం, బూట్లు తొడుక్కోవడం. అక్కడ చాలాచోట్ల నీళ్ళకు బదులు కాగితం వాడతారు కాబట్టి అదీ ఇంట్లోనే నేర్పాలి.

పేరు సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో వాడు చిన్ని, లేకపోతే బుజ్జి. బడిలో టీచరు పాస్‌పోర్టులో ఉన్న పేరుతో పిలుస్తుంది. అది తన పేరేనని తెలియక పిల్లవాడు పలకడు. పలకకపోతే చెవులు వినపడవేమో అనుకుంటారు. రోజుకి నాలుగుసార్లయినా ఆ పేరుతో పిలవండి. దాన్ని ఎలా పలకాలో టీచరుకీ చెప్పండి.

మరి ఇంగ్లీషో? బాత్‌రూముకి వెళ్ళాలి, నీళ్ళు కావాలి, కడుపు నొప్పి, సాయం చెయ్యండి, శాకాహారులైతే మాంసం తినను. ఈ నాలుగైదు మాటలు ఇంగ్లీషులో వస్తే మొదటి వారం గడుస్తుంది. తక్కిన భాష తోటిపిల్లలతో ఆడుతూ వస్తుంది. కొందరు పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, నోరు విప్పకుండా వింటూనే ఉంటారు. ఇంట్లో మామూలుగా మాట్లాడుతున్నంతవరకు కంగారు అక్కరలేదు. ఇంట్లో కూడా మాట తగ్గిపోతే మాత్రం డాక్టరుకి చూపించాలి.

వచ్చీరాని ఇంగ్లీషుకన్నా అమ్మకు బాగా వచ్చిన తెలుగే పిల్లవాడి బుద్ధికి బలం. కథ చెప్పి, "తరవాత ఏమయింది?" అని అడిగితే శ్రద్ధగా వినడం, వరసగా చెప్పడం వస్తాయి. కాకి, కప్ప, కుక్క, ఈ మాటలకు మొదటి శబ్దం ఏమిటని ఆడిస్తే చెవి తయారవుతుంది. ఆ చెవే రేపు ఇంగ్లీషు అక్షరాలకూ పనికొస్తుంది. చిక్కుడుగింజలు లెక్కపెట్టినా, వైకుంఠపాళి ఆడినా అది గణితమే.

బడిలో చేర్చేటప్పుడు ఇంటిభాష ఏమిటని ఒక కాగితంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి వెనకబెంచీలో వేస్తారని భయపడి కొందరు ఇంగ్లీషు అని రాసేస్తారు. అది పిల్లవాడికే నష్టం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లల తరఫున వచ్చిన కేసులో, ఇంగ్లీషు రాని పిల్లలకు ఆ భాషలో సాయం అందించకుండా వదిలెయ్యడం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1974లో తీర్పు చెప్పింది. తెలుగు అని నిజం రాస్తే పిల్లవాడి ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో పరీక్షించి, అవసరమైతే ఆ సాయం అందిస్తారు.

భయపడి ఇంట్లో తెలుగు మానేస్తే పోయేది ఏమిటో రెండేళ్ళలోనే తెలుస్తుంది. "ఏం తిన్నావురా నాన్నా?" అని అమ్మమ్మ ఫోనులో అడిగితే అర్థంకాక, పిల్లవాడు ఫోను తల్లి చేతికిచ్చి వెళ్ళిపోతాడు.

ఈ వేసవిలో అమెరికా ప్రయాణం పెట్టుకున్న అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ ఒక మాట. మనవడికి ముద్దలు కలిపి నోట పెట్టడం తగ్గించి, డబ్బా వాడి చేతికే ఇవ్వండి. రాత్రిపూట కథ మాత్రం మానకండి.