అసలొక్కటి, నకళ్ళు పెక్కు

'అసలు', 'నకలు' అను రెండు మాటలును అరబ్బీలో పుట్టి, పారశీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడినవి. భూమి దస్తావేజుకు చేతివ్రాత నకలు కావలెనన్న, అసలులోని ప్రతి అక్షరమును మరియొక కాగితముపై ఎక్కింపవలసినదే. పది నకళ్ళకు పదింతల కాగితము, పదింతల శ్రమ. కంప్యూటరు ఈ లెక్కను మార్చివేసినది. అసలును మరల వ్రాయకయే నకలు నిచ్చు పద్ధతి యొకటి నేడున్నది. దానిని డేటా వర్చువలైజేషన్ అందురు. దాని తత్త్వమును, దానితో వచ్చు బాధ్యతను వివరించుటయే మా ఉద్దేశము.

ముందుగా నకళ్ళ అవసరమేమో చూతము. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, విద్యార్థుల మార్కులు నేడు డేటాబేసులలో నిలువయుండును. ప్రోగ్రాములు వ్రాయువారు, వానిని పరీక్షించువారు అసలు డేటాబేసుపై ప్రయోగములు చేయరాదు. ఒక్క పొరపాటు ఆదేశముతో వేలమంది ఖాతాలు తారుమారు కావచ్చును. కావున ఒక్కొక్క బృందమునకు ఒక్కొక్క నకలు ఈయవలెను. ఒక టెరాబైటు, అనగా 1000 గిగాబైట్ల డేటాబేసునకు 10 పూర్తి నకళ్ళు తీసినచో 10 టెరాబైట్ల చోటు కావలెను. సెకనుకు ఒక గిగాబిట్ వేగముగల నెట్‌వర్కుపై ఒక్క నకలును పంపుటకే కనీసము 2 గంటల 13 నిమిషములు పట్టును.

అయితే ఆ పదింటిని పోల్చి చూచినచో, వానిలో అత్యధిక భాగము ఒక్కటే. పరీక్షించువారు మార్చునది సాధారణముగా స్వల్పమే. మారని భాగమును పదిసార్లు దాచనేల? ఈ ప్రశ్నలోనే పరిష్కారమున్నది.

డేటాబేసు చిన్నచిన్న బ్లాకులుగా విభజింపబడి యుండును. ఒరాకిల్ డేటాబేసులో సాధారణముగా ఒక్కొక్క బ్లాకు 8 కిలోబైట్లు. ఏ బ్లాకు ఎక్కడ నున్నదో తెలుపుటకు, గ్రంథమునకు విషయసూచిక వలె, పట్టిక యొకటి యుండును. వర్చువల్ పద్ధతిలో అసలు డేటాబేసును ఒక్కసారి మాత్రమే పూర్తిగా తెచ్చి నిల్వయంత్రములో నుంతురు. అటుపిమ్మట అసలులో మారిన బ్లాకులను మాత్రమే ఎప్పటికప్పుడు గ్రహింతురు. ఒకానొక క్షణమునాటి స్థితిని చెరగకుండ నిలిపియుంచుటను స్నాప్‌షాట్ అందురు. నకలు కోరినవారికి ఆ స్నాప్‌షాట్ పట్టికను ఇత్తురే కాని బ్లాకులను కదలింపరు. అందుచేతనే పెద్ద డేటాబేసునకు కూడ నకలు కొద్ది నిమిషములలో సిద్ధము కాగలదు.

మరి నకలులో మార్పు చేసినచో మూలము చెడదా? చెడదు. మార్చిన బ్లాకు పాతదానిపై గాక వేరొక చోట వ్రాయబడును. ఆ నకలుకు చెందిన పట్టికలో మాత్రము ఆ ఒక్క పంక్తి కొత్త చోటును చూపును. పటముపై పలుచని కాగితము పరచి గీతలు గీచినచో క్రింది పటము చెడనట్లే ఇదియును. ప్రతి నకలులో నూటికి రెండు వంతుల బ్లాకులు మారినవనుకొందము. అప్పుడు పదింటికి కలిపి అదనముగా కావలసినది 200 గిగాబైట్లు. మూలముతో సహా మొత్తము 1.2 టెరాబైట్లతో పని నెరవేరును.

ఈ విద్య ఒక్కనాటిలో రాలేదు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతిని రూపొందించినది. దూరపు యంత్రములోని ఫైళ్ళను తనవే యన్నట్లు వాడుకొను సౌకర్యము దానివలన కంప్యూటరుకు కలిగినది. స్నాప్‌షాట్లతో కూడిన నెట్‌యాప్ వారి నిల్వపద్ధతిని 1994 నాటి పరిశోధన పత్రమొకటి వివరించినది. 2005లో సన్ సంస్థయే జెడ్.ఎఫ్.ఎస్.ను వెలువరించినది. 2007లో వచ్చిన ఒరాకిల్ 11జి, ఎన్.ఎఫ్.ఎస్. నిల్వతో తానే నేరుగా సంభాషింప నేర్చినది. 2008లో స్థాపింపబడిన డెల్ఫిక్స్ సంస్థ ఇట్టి సాధనములను జోడించి, వర్చువల్ నకళ్ళ నిచ్చుటనే తన వృత్తిగా చేసికొన్నది.

లాభమును చెప్పి లోపమును దాచుట న్యాయము కాదు. నకళ్ళన్నియు ఒకే బ్లాకులను పంచుకొనుచున్నవి గనుక, ఆ బ్లాకులున్న యంత్రము చెడినచో అన్నియు ఒక్కసారే చెడును. కావున వీనిని నమ్మి వేరుగా భద్రపరచవలసిన బ్యాకప్‌ను మానరాదు. అందరును ఒకే నిల్వను చదువునప్పుడు నెట్‌వర్కు నెమ్మదించినచో పనియు నెమ్మదించును. నకలును ఆమూలాగ్రము మార్చివేసినచో పొదుపును మిగులదు.

వీనికంటె గంభీరమైన విషయ మింకొకటి కలదు. నకలు తీయుట సులభమైన కొలది, సామాన్యుని రోగము, అప్పు, ఫోను నంబరు పెక్కుమంది కంట బడును. చోటు పెరగలేదు గాని చూచు కన్నులు పెరిగినవి. ప్రతి నకలును పూర్తిగా వ్రాయవలసిన కాలములో ఆ శ్రమయే కొంత కట్టడిగా నుండెను. నేడది లేదు. కావున పేర్లను, నంబర్లను కల్పితములతో మార్చి మరుగుపరచవలెను. ఒక వ్యక్తి పేరు నాలుగు పట్టికలలో నున్నచో నాలుగింటను ఒకే మారుపేరు రావలెను. లేనిచో ఆ పట్టికల సంబంధము తెగిపోవును. ఈ పని నకలు నకలుకు వేరుగా చేసినచో ప్రతిసారియు కొత్త బ్లాకులు పుట్టి పొదుపు తగ్గును. మొదట ఒక్కదానిలో మరుగుపరచి, దాని స్నాప్‌షాట్ నుండి తక్కినవానిని తీసినచో గోప్యతయు దక్కును, చోటును దక్కును. ఇచ్చట ధర్మమును పొదుపును ఒకే మార్గమున నడచుట గమనింపదగినది.

2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము, తగిన భద్రతా చర్యలు తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించినది. కాని చట్టభయము కంటె పాతదైన మాట యొకటి ఉర్దూలో నున్నది. నమ్మి అప్పగించిన దానిని 'అమానతు' అందురు. డేటాబేసులోని ప్రతి పంక్తియు ఎవరో ఒకరి అమానతే. రేపు ఈ కళాశాల నుండి కంప్యూటరు ఉద్యోగములకు వెళ్ళు విద్యార్థులు నకలు తీయుటకు ముందు ఈ ప్రశ్న వేసికొందురు గాక: ఇందులో ఎవరి పేరున్నది? ఆ పేరును చూచు అవసరము మనకున్నదా?