పసుపు వేయాలా? మొదటి ఏడు పది గుంటలు చాలు

పసుపు ధర కొంచెం పెరిగిందని తెలిస్తే చాలు, నల్లగొండ వైపు రైతులు కూడా 'మనమూ వేద్దామా' అని అడుగుతుంటారు. వేయవచ్చు. కానీ ఇది వరిలాగా నాలుగు నెలల్లో చేతికొచ్చే పంట కాదు. దుంప నాటింది మొదలు తవ్వే దాకా రకాన్ని బట్టి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. పైగా వరి, పత్తిలాగా దీనికి కేంద్రం మద్దతు ధర లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానం నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారంటే, పసుపు, ఎర్రజొన్న ధరలు దెబ్బతీసినందుకే. అందుకని కొత్తగా వేసే చిన్న రైతు ఎకరం, రెండెకరాలు అనకుండా పది గుంటలతో మొదలుపెట్టడం మేలు.

ఏ నేల?

పానగల్‌లో ఉదయ సముద్రం కింద ఉన్న తరి పొలాలు వరికి మంచివే గాని పసుపుకు పనికిరావు. ఊట నీరు నిలిచే చోట దుంప కుళ్ళిపోతుంది. చౌడు నేలలూ వద్దు. నీరు ఇంకిపోయే ఎర్ర చెల్కలు, గరప నేలలు అనుకూలం. నల్లరేగడి అయితే మురుగు కాలువలు తప్పనిసరి. బోరు కింద వేసేవారు ఒక లెక్క చూసుకోవాలి: ఆ బోరు సంక్రాంతి దాకా నీళ్ళు పోస్తుందా? నడుమ ఎండిపోయేదైతే పసుపు జోలికి పోవద్దు.

పసుపు కొద్దిపాటి నీడను ఓర్చుకుంటుంది. అలాగని బత్తాయి తోటలో వేస్తే, చెట్ల మొదళ్ళ దగ్గర ఎప్పుడూ తడి ఉండి బంక తెగులు వచ్చే ప్రమాదముంది.

విత్తనమే పెద్ద ఖర్చు

ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ళ దుంప కావాలి. పది గుంటలకు రెండు, రెండున్నర క్వింటాళ్ళు పడుతుంది. దుగ్గిరాల, మైదుకూరు, ఆర్మూరు రకాలు తొమ్మిది నెలలవి. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన 'ప్రగతి' ఆరు నెలలకే వస్తుంది. నీళ్ళు తక్కువున్న వారికి ఇలాంటిది నయం. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉంది. రకం ఎంచుకునే ముందు అక్కడ గాని, ఉద్యాన అధికారిని గాని అడగాలి.

లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి, దుంపలను అర్ధగంట నానబెట్టి, నీడన ఆరబెట్టి నాటాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి.

నాటడం, సాగు

పది గుంటలకు రెండున్నర టన్నుల మాగిన పెంట ఎరువు దుక్కిలో వేయాలి. తొలకరి పడగానే జూన్‌లో బోదెలు తీసి, వరుసల మధ్య మూరెడు, మొక్కల మధ్య జానెడు ఎడముంచి నాటాలి. ఆర్మూరు వైపు వరుసల నడుమ మక్క వేస్తారు. లేత పసుపుకు నీడ దొరుకుతుంది, ముందుగా నాలుగు పైసలూ వస్తాయి. కలుపు మూడు నాలుగు సార్లు తీసి, మొదళ్ళకు మట్టి ఎగదోయాలి.

లేత ఆకులు తెల్లబారితే ఇనుము లోపమని అర్థం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లాలి. ఆకులు అంచుల నుంచి ఎండి, మొక్క లాగితే సులువుగా ఊడివస్తే అది దుంపకుళ్ళు. ముందు నిలిచిన నీరు తీసేయాలి. ఆ మొక్కల చుట్టూ లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలి. ఒకే చెల్కలో ఏటేటా పసుపు వేస్తే ఈ తెగులు వదలదు.

ఉడకబెట్టడంలోనే రంగు

ఆకులు పూర్తిగా పండి ఎండినాక తవ్వాలి. తల్లి దుంపలను, కొమ్ములను వేరు చేసి, రెండు మూడు రోజుల్లోనే విడివిడిగా ఉడకబెట్టాలి. నురగ పొంగి, తెల్లటి ఆవిరి పసుపు వాసనతో వచ్చే దాకా, ముప్పావు గంట నుంచి గంట సేపు పడుతుంది. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే కొమ్ము పెళుసవుతుంది. పది పదిహేను రోజులు ఎండబెట్టినాక విరిస్తే టక్కుమని విరగాలి. మెరుగు కోసం రంగులు కలపొద్దు. కొందరు వాడే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది, అది విషం.

మందుగా పసుపు

పసుపుకు రంగు, మందు గుణం ఇచ్చేది కుర్కుమిన్. ప్రభ, ప్రతిభ రకాల్లో ఇది 6 శాతం పైగా ఉంటుంది. గాయానికి పసుపు పెట్టడం మన అవ్వలకు తెలిసిందే. అయినా 1995లో అమెరికాలో దానిమీద పేటెంట్ ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపి ఎదిరించడంతో 1997లో ఆ పేటెంట్ రద్దయింది. కూరలో, పాలలో వేసుకునే పసుపుతో భయం లేదు. మాత్రల రూపంలో ఎక్కువ మోతాదులో తీసుకుంటే కాలేయం దెబ్బతినే అవకాశముంది. రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు డాక్టరును అడగాలి.

అమ్మకం లెక్క

ఎకరానికి 80 క్వింటాళ్ళ పచ్చి దుంప వస్తుందనుకుంటే పది గుంటలకు 20 క్వింటాళ్ళు. అందులో తెగులు లేని చోటు నుంచి 5 క్వింటాళ్ళు విత్తనానికి తీసి, నీడన దాచాలి. వచ్చే ఏడు అరెకరానికి విత్తనం కొనే పని తప్పుతుంది. మిగిలిన 15 క్వింటాళ్ళు ఉడికి ఎండితే సుమారు మూడు క్వింటాళ్ళవుతుంది.

ఈ మూడు క్వింటాళ్ళ కోసం నిజామాబాద్ మార్కెట్‌కు పోతే కిరాయి ఖర్చే మీద పడుతుంది. కొమ్ములుగానో, పొడి పట్టించో ఊళ్ళో, నల్లగొండలో అమ్ముకోవడం నయం. ప్యాకెట్లలో పొడి అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

పసుపు బోర్డు పెడతామని 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు. 2025 జనవరిలో అది నిజామాబాద్‌లో మొదలైంది. బోర్డు వచ్చినంత మాత్రాన మద్దతు ధర వచ్చినట్టు కాదు. పది గుంటల్లో నేల, బోరు, గిరాకీ మూడూ కుదిరితే రెండో ఏడు అరెకరానికి పోవచ్చు. ఒక్కటి కుదరకపోయినా, పోయేది పది గుంటల పెట్టుబడితోనే ఆగుతుంది.