సారథి ప్రక్కన సారథి

విరాటనగరమున అంతఃపుర కాంతల యెదుట కౌరవసేన నంతయు ఒంటిగా గెలిచి వత్తునని పలికిన ఉత్తరకుమారుని కథ తెలియని తెలుగు విద్యార్థి యుండడు. తగిన సారథి దొరకిన చాలునని ఆతడు పలికెను, సారథియు దొరకెను. పొలిమేర దాటి, సముద్రమువలె పరచుకొనియున్న శత్రుసేనను కన్నులార చూచినంతనే ఆ ప్రగల్భములన్నియు ఆవిరియై పోయెను. రథముపై నుండి దుమికి రాకుమారుడు పరుగు లంకించుకొనెను. బృహన్నల వెంటబడి పట్టుకొని, ధైర్యము చెప్పి, తిరిగి రథ మెక్కించెను. కథ అంతటితో ముగిసినచో అది నవ్వులాటయే అయి యుండెడిది. కాని అర్జునుడు పగ్గములను ఆ భీరువు చేతికే యిచ్చెను. తాను వెన్నంటి నిలిచి, ఏ సేనను చూచి ఆతడు పారిపోయెనో ఆ సేన మధ్యకే ఆతనిచేత రథమును తోలించెను.

ప్రగల్భము వేఱు, ధైర్యము వేఱు. మొదటిది చూడని దానిని గూర్చి పలుకును; రెండవది చూచిన దాని యెదుట నిలుచును. ఈ భేదమును నేటి కాలమున ప్రతిదినమును పరీక్షించు స్థలము వేగముగా సాగు రహదారి. క్రొత్తగా కారు నడుప నేర్చువానికి ఆ రహదారియే కౌరవసేన. అతనిని దానికి దూరముగా నుంచుట మేలా, వెంట నుండి దానిలోనికి గొనిపోవుట మేలా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుటకు బ్రిటను దేశమునకు అరువది సంవత్సరములు పట్టెను.

ఎఱ్ఱజెండా నుండి ఎఱ్ఱ అక్షరము వరకు

యంత్రశక్తితో నడచు బండ్లను చూచి బ్రిటిషు శాసనకర్తలు మొదట మిక్కిలి బెదరిరి. 1865 నాటి చట్టము ప్రకారము అట్టి బండి పల్లెత్రోవలలో గంటకు 4 మైళ్ళకును, ఊళ్ళలో 2 మైళ్ళకును మించి పోరాదు. బండికి ముందుగా ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. 1896లో ఈ బంధనము సడలెను. 1903 నాటి చట్టము వేగపరిమితిని 20 మైళ్ళకు పెంచి, డ్రైవింగు లైసెన్సును ప్రవేశపెట్టెను. అయితే ఆ లైసెన్సునకు పరీక్ష లేదు. రుసుము చెల్లించినవాడెల్ల సారథియే.

1930లో శాసనకర్తలు మరియొక అంచునకు పోయి, కార్లకు గల వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసిరి. ఫలితము భయంకరమైనది. 1934లో బ్రిటిషు రహదారులపై 7,343 మంది మరణించిరి. నేడు బండ్లు ఎన్నో రెట్లు పెరిగినను, ఏటేట మరణించువారి సంఖ్య ఆనాటి సంఖ్యలో నాలుగవ వంతునకు లోపుననే యున్నది. నాటి రవాణామంత్రి లెస్లీ హోర్ బెలీషా కాలమున రెండు మార్పులు వచ్చినవి. 1935 మార్చి నుండి జనావాసములలో గంటకు 30 మైళ్ళ పరిమితి విధింపబడెను. అదే సంవత్సరము జూన్ 1 నుండి క్రొత్తవారికి పరీక్ష తప్పనిసరి యయ్యెను. నేర్చుకొనువారి బండికి తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షరము తగిలింపవలెనను నియమము అప్పుడే వచ్చెను. ఎఱ్ఱజెండాతో ముందు నడచిన మనుష్యుడు ఏనాడో మాయమయ్యెను. అతని ఎఱ్ఱదనము మాత్రము ఒక అక్షరమై తిరిగివచ్చి బండికి అంటుకొనెను. ఆ అక్షరము ఎదుటివారికి హెచ్చరికయే కాదు, మనవి కూడ: నేర్చుకొనుచున్నాడు, కొంచెము ఓర్చుకొనుడు.

అరువది ఏండ్ల వింత

1958 డిసెంబరు 5వ తేదీన ప్రెస్టను పట్టణమును తప్పించుకొని పోవు మార్గము ప్రారంభమయ్యెను. అది ఆ దేశపు మొదటి మోటారు రహదారి. మరుసటి సంవత్సరము నవంబరులో ఎం-1 మార్గము తెరువబడెను. ఆనాడు వానిపై వేగమునకు పరిమితి లేదు. ఎవరి ఇంజనుకు ఎంత శక్తి యున్నదో వారి పరిమితి అంతయే. 1965 శరత్కాలమున పొగమంచులో బండ్లు ఒకదానిపై నొకటి పడి ఘోర ప్రమాదములు సంభవించిన పిమ్మట, ఆ సంవత్సరము డిసెంబరు 22 నుండి గంటకు 70 మైళ్ళ పరిమితిని ప్రయోగాత్మకముగా విధించిరి. 70 మైళ్ళనగా సుమారు 112 కిలోమీటర్లు. 1967లో అది స్థిరపడెను.

ఈ మార్గములపై నేర్చుకొనువారికి ప్రవేశము మొదటినుండియు నిషిద్ధము. నిషేధమునకు కారణము స్పష్టమే: వేగముగా సాగు ప్రవాహములో తడబడు చేయి అందఱికిని ముప్పు. కాని దాని వెంట ఒక వింత కూడ పుట్టెను. ఒక యువతి ఉదయము పరీక్షలో నెగ్గెననుకొందము. ఆనాటి ఉదయము వరకు ఆమె ఆ మార్గముపై చక్రము మోపుట నేరము. ఆ మధ్యాహ్నము ఆమె ఒంటరిగా, ప్రక్కన ఎవ్వరును లేక, వానలో నైనను చీకటిలో నైనను ఆ మార్గముపై 70 మైళ్ళ వేగముతో పోవచ్చును. గురువు వెంట నున్నంతకాలము మూసియున్న తలుపు, గురువు విడిచిపోయిన క్షణముననే తెరువబడెను!

ఉత్తర ఐర్లండులో మరియొక విధమగు చిక్కు కనిపించెను. అచ్చట నేర్చుకొనువారు గంటకు 45 మైళ్ళకు మించి పోరాదను నియమము దశాబ్దుల తరబడి నడచెను. 60, 70 మైళ్ళతో ఇతరులు పోవు బాటలో 45 మైళ్ళతో పోవువాడు చట్టమును పాటించుచునే ప్రవాహమునకు అడ్డుగట్టయై నిలుచును. వెనుకవచ్చువారు అసహనముతో దాటిపోవుచుందురు. నేర్చుకొనువాని గుండె మరింత దడదడలాడును.

ఈ లోటును కొంత పూడ్చుటకు పరీక్షానంతరము ఐచ్ఛికముగా తీసికొనదగిన పాఠక్రమమును 1995లో ఏర్పఱచిరి. అందు మోటారు రహదారిపై నడపుట కూడ ఒక పాఠము. తుదకు 2018 జూన్ 4 నుండి ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో నేర్చుకొనువారికి ఆ మార్గముల తలుపు తెరువబడెను. దానికి రెండు నిబంధనలు: ప్రక్కన ప్రభుత్వామోదము పొందిన శిక్షకు డుండవలెను, కారులో ఆతని పాదములకు కూడ బ్రేకు అందు ఏర్పాటుండవలెను. ఆ పాఠము తప్పనిసరి కాదు. శిష్యుడు అందుకు సిద్ధపడెనా లేదా యని నిర్ణయించువాడు శిక్షకుడే.

లెక్కల పాఠము

వేగమునకు హద్దు ఏల యన్న ప్రశ్నకు పోలీసువారి కంటె లెక్కల మాస్టరు చక్కగా సమాధానము చెప్పగలడు. ఆపదను కన్ను చూచిన తరువాత పాదము బ్రేకును చేరులోపల బండి కొంతదూరము పోవును; బ్రేకు పడిన తరువాత మరికొంతదూరము పోయి ఆగును. బ్రిటిషు రహదారి నియమావళి ఇచ్చు పట్టికలో, పొడిబాటపై 30 మైళ్ళ వేగమున మొదటి దూరము 9 మీటర్లు, రెండవది 14 మీటర్లు, మొత్తము 23 మీటర్లు. అనగా క్రికెట్ ఆటలో ఒక వికెట్టునకును మరియొక వికెట్టునకును నడుమగల దూరము కంటె కొంచె మెక్కువ. 60 మైళ్ళ వేగమున మొదటి దూరము 18 మీటర్లు. రెట్టింపు వేగమునకు రెట్టింపు దూరము. కాని బ్రేకు పడిన తరువాతి దూరము 28 కాదు, 55 మీటర్లు. 70 మైళ్ళకు మొత్తము 96 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానమంత పొడవు!

కారణము పదార్థ విజ్ఞానమున చదివినదే. కదలు వస్తువు యొక్క గతిశక్తి వేగముతో గాక వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెండింతలైన శక్తి నాలుగింతలు. ఆ శక్తినంతయు బ్రేకులు ఉష్ణముగా మార్చి వెదజల్లవలెను. పరీక్షలో మార్కులకై వ్రాసిన సూత్రము రోడ్డుపై మనుష్యుని యెముకలకు వర్తించును.

70 మైళ్ళ వేగమున బండి సెకనుకు 31 మీటర్లు పోవును. ముందు బండికిని తనకును కనీసము రెండు సెకనుల ఎడము ఉంచవలెననియు, వానలో దానిని రెట్టింపు చేయవలెననియు శిక్షకులు బోధింతురు. ముందు బండి ఒక స్తంభమును దాటిన క్షణమునుండి లెక్కించి, తాను ఆ స్తంభమును చేరుటకు ఎంత పట్టెనో చూచుకొనవలెను. గజములతో కొలువలేని దూరమును కాలముతో కొలుచుట ఇందలి నేర్పు.

భయమునకు తగిన చోటు

ఆ మార్గమునకు మొదటిమారు పోవు శిష్యుడు దేనిని చూచి భయపడునో ఆలోచింపవలెను. వేగమును చూచియే. కాని లెక్కలు చూచినచో, పోయిన దూరమునుబట్టి బ్రిటనులో మోటారు రహదారులే మిగిలిన వానికంటె సురక్షితములు. ఎదురువచ్చు బండ్లు లేవు, అడ్డదారులు లేవు, పాదచారులు లేరు, కంటికి కనబడని మలుపులు లేవు. మూలమలుపుల ఇరుకు పల్లెత్రోవలు అందముగా కనిపించుచునే అధికముగా ప్రాణములు తీయును. భయపడుటలో తప్పు లేదు. భయమును ఉండవలసిన చోట ఉంచకుండుటయే తప్పు.

మంచి శిక్షకుడు శిష్యుని ఒక్కుమ్మడిగా ఆ ప్రవాహములోనికి త్రోయడు. వీధులలో 30 మైళ్ళు, ఊరి వెలుపల 50 మైళ్ళు, పిమ్మట నడుమ విభజనగల రహదారిపై 70 మైళ్ళు. ఇట్లు మెట్టు వెంట మెట్టుగా ఎక్కించును. ఏమి కనిపించుచున్నదో బిగ్గరగా చెప్పుమనును: ముందు లారీ, ఎడమ ప్రక్క చేరుదారి, వెనుక అద్దములో తెల్లకారు. నోరు చెప్పుచుండగా కన్ను చూడక తప్పదు. కన్ను చూచుచుండగా భయమునకు తీరిక దొరకదు.

అన్నిటికంటె కఠినమైన ఘట్టము చేరుదారి నుండి ప్రధాన మార్గములోనికి ప్రవేశించుట. భయము బ్రేకును నొక్కుమనును. విద్య యాక్సిలరేటరును నొక్కుమనును. 60 మైళ్ళతో సాగుచున్న బండ్ల నడుమ 30 మైళ్ళతో దూరినచో వెనుకవారు గంటకు 30 మైళ్ళ వేగముతో మీదికి వచ్చుచున్నట్లే. కావున చేరుదారిలోనే వేగమును ప్రవాహముతో సమము చేసికొని, అద్దము చూచి, భుజము మీదుగా ఒకమారు వెనుకకు చూచి, ఎడము కనిపెట్టి కలియవలెను. "నిదానమే ప్రధానము" అను సామెతకు ఇచ్చట మెల్లగా పోవుట యని అర్థము కాదు. నిదానించి చూచుట యని అర్థము. పరిమితి యన్నది చేరవలసిన గమ్యమును కాదు, దాటరాని గట్టు. వానలోను మంచులోను ఆ గట్టునకు ఎంతో ఇవతలనే నిలువవలెను.

తిరిగివచ్చునపుడు మరియొక పాఠము. చాలసేపు 70 మైళ్ళతో పోయిన వానికి 40 మైళ్ళు నత్తనడకవలె తోచును. అప్పుడు తన మనసును గాక వేగమాపకమును నమ్మవలెను. మొదట భయము కలిగించిన వేగమే పిమ్మట మత్తు కలిగించును. ఈ రెండును తెలిసినవాడే ధైర్యవంతుడు.

మన త్రోవలు

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, తదనుబంధ నియమములు నేర్చుకొనువానికి ఎఱ్ఱని 'ఎల్' అక్షరమునే నిర్ణయించినవి. పలక 18 సెంటీమీటర్ల చదరమునకు తగ్గరాదు. అభ్యాస లైసెన్సు ఆరునెలలు చెల్లును. లైసెన్సు గలవాడు బండిని అదుపుచేయుటకు వీలగునట్లు ప్రక్కన కూర్చుండవలెను. శిక్షణ పాఠశాలల కార్లలో శిక్షకునికి కూడ బ్రేకు అందవలెను.

త్రోవలు మాత్రము మారినవి. హైదరాబాదును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఎనిమిది వరుసలతో గంటకు 120 కిలోమీటర్ల వేగమునకు అనువుగా నిర్మింపబడెను. దానిపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణములను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి కథ వేఱు. అచ్చట వేగముగా పోవు కారు ప్రక్కనే గడ్డిమోపుతో సైకిలు, అడ్డముగా గేదెలమంద, ఎదురుదారిలో మోటారు సైకిలు కనిపించును. బ్రిటిషు శిష్యునకు వేగమే పాఠము; తెలుగు శిష్యునకు వేగములలోని వ్యత్యాసమే పాఠము. పైని చెప్పిన 96 మీటర్లలో ఒక ఊరి బస్‌స్టాపును, బడి వదలిన పిల్లలును ఉండవచ్చును.

పదునెనిమిది నిండని బాలునికి ముచ్చటపడి కారు తాళములిచ్చు తండ్రులు ఎఱుగవలసిన మాట ఒకటి కలదు. 2019 సవరణ ప్రకారము మైనరు చేసిన నేరమునకు సంరక్షకునికో యజమానికో మూడేండ్లవరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లభింపదు. ప్రగల్భమునకు తాళము చేతికిచ్చుట ప్రేమ కాదు.

ఉపాధ్యాయులకు ఈ కథయంతయు పరిచితమే. నల్లబల్ల యొద్దకు పిలిచిన పిల్లవాడు సుద్దముక్క పట్టుకొని వణకుచున్నపుడు, లెక్కను తామే చేసి చూపుట తేలిక; అతనిని తిరిగి కూర్చుండబెట్టుట మరియు తేలిక. అతడు తడబడుచు చేయుచుండగా ప్రక్కన మౌనముగా నిలుచుటయే కష్టము. చక్రము శిష్యుని చేతిలో నుండును. గురువు పాదము రెండవ బ్రేకుపై సిద్ధముగా నుండును, కాని నొక్కదు. కొన్నిమైళ్ళు గడచిన పిమ్మట ఆ పాదము అచ్చట నున్నదన్న సంగతిని శిష్యుడు మరచిపోవును. ఆ మరపు కలిగిననాడు అతడు ఎఱ్ఱ అక్షరమును విప్పివేయుటకు అర్హుడగును.