నీటిని దాచుకొను మొక్కలు

మన ప్రాంతపు ఇండ్ల గుమ్మములపై కలబంద మొక్కను వేళ్ళు పైకిని, ఆకులు క్రిందికిని ఉండునట్లు వ్రేలాడగట్టుట చిరకాలపు ఆచారము. దిష్టి తగులదని పెద్దల విశ్వాసము. ఆ మాట యెట్లున్నను, మన్ను గాని నీరు గాని లేకయే ఆ మొక్క నెలల తరబడి పచ్చగా నుండుట మనమందరము చూచుచున్నదే. ఇది యెట్లు సాధ్యమగుచున్నది? నేడు హోసూరు నర్సరీలలో చిన్న చిన్న కుండీలలో అమ్ముచున్న 'సక్యులెంట్' మొక్కల రహస్యమంతయు ఈ ప్రశ్నలోనే యిమిడియున్నది. వీనిని ముచ్చటపడి కొనుచున్న తల్లిదండ్రులకు ఉపయోగపడునని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ మొక్కలు వాన కురిసినపుడు నీటిని పీల్చి, దళసరియైన ఆకులలోనో కాండములోనో నిలువ చేసికొనును. పైని మైనము వంటి పూత యుండుటచే ఆ నీరు త్వరగా ఆవిరి కాదు. అంతేకాదు, తక్కిన మొక్కలు పగలు తమ సూక్ష్మరంధ్రములను తెరచి గాలిని గ్రహింపగా, వీనిలో పెక్కు మొక్కలు రాత్రి చల్లదనములో తెరచును. అపుడు గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపమున దాచియుంచి, పగలు రంధ్రములను మూసికొని, సూర్యరశ్మి సాయముతో దాని నుండి ఆహారమును తయారు చేసికొనును.

ఈ విషయమునకు తొలి ఆధారములలో నొకటి మన పెరటి రణపాల ఆకు. సామర్లకోటలోను, బెంగుళూరు లాల్‌బాగులోను పనిచేసిన బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు ఉదయము పుల్లగాను, మధ్యాహ్నమునకు రుచి లేకుండను, సాయంకాలమునకు ఇంచుమించు చేదుగాను ఉండుట గమనించెను. ఆయన లేఖ 1815లో లండనులోని లిన్నేయన్ సొసైటీ సంపుటములో ప్రకటింపబడెను. రాత్రి చేరిన ఆమ్లము పగలు ఖర్చగుటయే ఆ రుచి మార్పునకు కారణము.

ఇక గుర్తించు విధము. కలబంద ఆకులో జిగురువంటి గుజ్జుండును. అంచుల ముళ్ళు మెత్తనివి. కిత్తనార దానికంటె మిక్కిలి పెద్దది. ఆకు కొన సూదివలె గట్టిది, లోపల నార. చాగనార ఆకులు కత్తులవలె నిటారుగా నిలుచును. దాని జాతి మొక్కయే నేడు ఇండ్లలో 'స్నేక్ ప్లాంట్' అని పిలువబడుచున్నది. రణపాల ఆకుల అంచుల నొక్కుల నుండి పిల్లమొక్కలు మొలచును. నల్లేరు నాలుగు పలకల కణుపుల తీగ. తమిళులు పిరండై అనియు, కన్నడిగులు మంగరవళ్ళి అనియు అనుదురు. గంగపాయల కూరయు ఈ తీరు మొక్కయే. కుండీలలో పూయు గడ్డిగులాబి దానికి దగ్గరి చుట్టము.

ముళ్ళ మొక్కల విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. ముళ్ళున్నదంతయు కాక్టస్ కాదు. కాక్టస్‌లో ముళ్ళు చిన్న దూదిమెత్త వంటి బుడిపెల నుండి గుంపుగా పుట్టును. బొమ్మజెముడు మున్నగు వానిలో అట్టి మెత్తలుండవు. గీటు పెట్టినచో తెల్లని పాలు కారును. పేరులో జెముడు ఉన్నను నాగజెముడు కాక్టస్ వర్గములోనిదే. అది అమెరికా ఖండము నుండి వచ్చినది. ఎఱ్ఱ రంగు నిచ్చు పురుగుల పెంపకమునకై ఆంగ్లేయులు దానిని ప్రోత్సహించిరి. 1795లో మన దేశమునకు వచ్చిన పురుగు రంగునకు అంతగా పనికిరాక, ఒక జాతి నాగజెముడును నాశనము చేసెను. దక్షిణాదిని పొలముల నాక్రమించిన మరియొక జాతిని అణచుటకు 1926లో సింహళము నుండి వేరొక పురుగును తెప్పించిరి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థి యొకడు పాఠశాల ప్రక్క కంచెలోని కాడజెముడు కొమ్మను విరిచి, ఆ చేతితోనే కన్ను నులుముకొనెను. రెండు దినములు కన్ను తెరువలేకపోయెను. వైద్యసహాయము అందుటచే చూపు దక్కినది. ఎందుకు ముట్టితివని అడుగగా, "అది కాక్టస్ కదా సార్, ముల్లు కూడ లేదు" అనెను. వాని అవ్వ యైనచో 'జెముడు' అనియుండును. ఆ మాట వెంట 'పాలు కంట పడనీయకు' అను హెచ్చరికయు వచ్చియుండును. పిల్లలకు ముందుగా చెప్పని లోపము మాది. కావున తల్లిదండ్రులకు మనవి: ఈ పాలు కంట పడినచో వెంటనే శుభ్రమైన నీటితో పదిహేను నిమిషములకు తక్కువ గాకుండ కడిగి, జాగు చేయక వైద్యుని కడకు పోవలెను. అట్లే కలబంద తొక్క క్రింద నుండు పసుపు రసము విరేచనకారి. రణపాలను గూడ వైద్యుని సలహా లేక లోనికి పుచ్చుకొనరాదు.

పెంచుట సులభము. అడుగున రంధ్రమున్న మట్టికుండీ శ్రేష్ఠము. ఎఱ్ఱమన్ను ఒక పాలు, ముతక యిసుక ఒక పాలు, బాగుగా చివికిన ఆకుఎరువు ఒక పాలు కలిపి, అడుగున ఇటుకముక్కలు వేయవలెను. వ్రేలు మంటిలోనికి దించి, లోపలను తడి లేనపుడే నీరు పోయవలెను. మా పాఠశాలలో ఒకమారు కుండీకొక విద్యార్థిని నియమించితిమి. వారు ప్రేమకొలది దినదినము నీరు పోయగా, వాననెలలో మొక్కలన్నియు వేరుకుళ్ళి చచ్చినవి. సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న మన హోసూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలకు వీనిని చూరు క్రిందికి చేర్చవలెను. డిసెంబరు, జనవరి చలిలో నీరు మరింత తగ్గింపవలెను. ఉదయపు ఎండ తగులు తూర్పు కిటికీ మంచిది. నాటదలచిన ముక్కను కొన్నాళ్ళు నీడలో నుంచి, కోసిన చోటు ఎండిన పిమ్మట నాటవలెను. పిండినల్లి పట్టినచో సబ్బునీటిలో తడిపిన దూదితో తుడిచిన చాలును.

చివరి మాట. ఒకే మొక్కను ఇంట కలబంద యనియు, అంగడిలో చోత్తుక్కత్తాళై యనియు, కన్నడ మిత్రుల యింట లోళెసర యనియు వినుట మన హోసూరు పిల్లల భాగ్యము. మూడు పేర్లును వారు నేర్చుకొనవలసినవే. కాని సీసా మీది 'అలోవెరా'ను ఎరిగి, గుమ్మము మీది కలబందను ఎరుగని స్థితి రాకూడదు. తమిళము, కన్నడము బడిలోను వీధిలోను వినబడును; తెలుగు పేరును చెప్పవలసినది ఇంటివారే. ఎక్కడి నుండియో వచ్చిన ముళ్ళమొక్కకు నాగజెముడని పేరిడి తమ దానిని చేసికొనిన పెద్దల బిడ్డలము మనము. ఈ సెలవులలో ప్రతి యింటను పిల్లవాడు ఒక కుండీ నాటి, అవ్వనో తాతనో అడిగి, దాని తెలుగు పేరు చీటీపై వ్రాసి అంటించుగాక. బడి తెరచిన దినమున ఆ పేర్లను మాకు చెప్పింపుడు; మేమును నేర్చుకొందుము.