వృద్ధులలో మూత్రాశయపు కాన్సరు - శస్త్రచికిత్స

వార్ధక్యము రోగము కాదు. కాని వార్ధక్యములో వచ్చు రోగములను "వయస్సు మీద పడినది గదా" అని సరిపెట్టుకొనుట మన ఇండ్లలో పరిపాటి. అట్లు ఉపేక్షకు గురియగు వ్యాధులలో మూత్రాశయపు కాన్సరు ఒకటి. అమెరికాలో ఈ వ్యాధి బయటపడు సగటు వయస్సు సుమారు 73 సంవత్సరములు. స్త్రీలకంటె పురుషులకు ఇది ఎక్కువ.

దీనికి ప్రధాన కారణము పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగలోని విషములు రక్తములో కలిసి, మూత్రపిండములలో వడియగట్టబడి, మూత్రాశయములో గంటల తరబడి నిలువయుండును. రంగుల పరిశ్రమలోని రసాయనములు మరియొక కారణము. ఆ కార్మికులలో ఈ వ్యాధిని 1895లో లుడ్విగ్ రెన్ అను జర్మను వైద్యుడు వెల్లడించెను.

తొలి లక్షణము నొప్పి లేకుండ మూత్రములో రక్తము పడుట. అది ఒకనాడు కనబడి తనంతట తానే ఆగిపోవును. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలలో పెద్దలు దీనిని "వేడి చేసినది" అనుకొని మజ్జిగ త్రాగి ఊరకుందురు. సిగ్గుచే బిడ్డలకు చెప్పరు. రోగము ముదురుట ఈ మౌనములోనే.

కంతి లోపలి పొరకే పరిమితమైనచో మూత్రమార్గము ద్వారా దుర్భిణి పంపి గీకి తీయుదురు. కండరములోనికి చొచ్చుకొనిపోయినచో మూత్రాశయమునే తొలగించుట ముఖ్యమైన చికిత్స. పురుషులలో ప్రోస్టేటు గ్రంథిని, సమీపపు లింఫు గ్రంథులను కూడ తీసివేయుదురు. తరువాత చిన్నప్రేగు ముక్కకు మూత్రనాళములను అతికి, దాని కొనను పొట్టపై తెరతురు. మూత్రము అచట అమర్చిన సంచిలోనికి చేరును. 1950లో అమెరికను వైద్యుడు బ్రికర్ ఈ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. మిక్కిలి బలహీనులకు ప్రేగును కదపక, నాళములనే చర్మమునకు కలుపుట కలదు. ఆపరేషను త్వరగా ముగియును.

"ఈ వయస్సులో కత్తి ఎందుకు?" అని కుటుంబము అడుగును. వృద్ధులలో అపాయము ఎక్కువ అనుట నిజమే. కాని నిర్ణయించవలసినది జన్మసంవత్సరము కాదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు ఎట్లున్నవి? తన పనులు తాను చేసికొనగలడా? ఆహారము, జ్ఞాపకశక్తి ఎట్లున్నవి? వీనిని పరీక్షింపవలెను. ఎనుబదేండ్ల దృఢకాయుడు అరువదేండ్ల రోగిష్ఠికంటె బాగుగా తట్టుకొనవచ్చును. తట్టుకొనలేనివారికి రేడియేషను, మందులు కలిపి మూత్రాశయమును కాపాడు మార్గము ఉన్నది. ఏ దారియైనను మూడు నెలలకు మించి జాగు తగదు. ఇట్టి ఆపరేషనులు తరచుగా జరుగు పెద్ద ఆసుపత్రినే ఎన్నుకొనవలెను.

శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు మందులలో ఒక తెలుగువాని కృషి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున లెడర్లే ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్ రూపొందినది. దీనితో కూడిన నాలుగు మందులను ముందుగా ఇచ్చి ఆపరేషను చేసినచో ఆయుష్షు పెరుగునని 2003లో ప్రకటితమైన పరిశోధన సూచించెను. అయితే మూత్రపిండములు బలహీనమైనవారికి వానిలోని సిస్‌ప్లాటిన్ సరిపడదు.

సంచిని గూర్చి మన పెద్దలకు మరొక దిగులు. మూత్రము కారుచుండగా నమాజు ఎట్లు చెల్లునని కొందరు చికిత్సనే వద్దందురు. హనఫీ ధర్మశాస్త్రము ఇట్టివానిని మాజూర్‌గా పరిగణించును. ప్రతి నమాజు వేళకు వజూ చేసికొని ప్రార్థింపవచ్చును. ఉలమాలు ఈ మాట మసీదులలో చెప్పినచో ఎందరో భయము వీడుదురు.

విద్యార్థులారా, మన వంతు చిన్నదే. తాతగారి మూత్రములో ఎరుపు కనబడినదని విన్ననాడే వైద్యుని కడకు తీసికొని పోవుదము. నిర్ణయము వారికి బదులుగా మనము చేయక, ఉన్న దారులన్నియు తెలిపి వారి మాటనే వినుదము.